లాకులు ఎవరి చేతిలో?

యంత్రంలో తెలుగు: చరిత్ర ధారావాహిక, తొమ్మిదో భాగం

గత భాగం 1990ల నాటి డీటీపీ దుకాణాల దగ్గర ఆగింది. ఐఐటీ కాన్పూరులో పుట్టి పుణెలోని సీ-డాక్ చేతిలో పెరిగిన జిస్ట్ కార్డు తెలుగు లిపిని యంత్రంలో బిగించే ఒక విడి పలకగా తెచ్చిందనీ, తరువాత అను వంటి ఫాంటు ప్యాకేజీలు ఆ పనిని పలక నుంచి సాఫ్ట్‌వేరులోకి దింపాయనీ ఆ భాగం వివరించింది. అయితే ప్రతి ప్యాకేజీ అక్షరాలకు తనకు తోచిన సంకేతాలు ఇచ్చుకోవడం వల్ల, రాజమహేంద్రవరంలో కూర్చిన శుభలేఖను భీమవరంలో మరో ప్యాకేజీ ఉన్న యంత్రంలో తెరిస్తే అది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కలగూరగంపగా కనిపించేది. తెలుగు కూర్చే విద్యను ప్రతి ప్రోగ్రాముకూ విడివిడిగా నేర్పే బదులు ఒక్కచోట ఉంచి అన్నింటికీ పంచవచ్చు కదా అన్న ప్రశ్న దానితోనే పుట్టింది. పంచాలన్న మాటలో ఎవరికీ భేదం లేదు. పంచే అధికారం ఎవరి చేతిలో ఉండాలన్న దగ్గరే అర్ధశతాబ్దం పాటు వాదం నడిచింది, ఆ వాదమే ఈ భాగానికి వస్తువు.

ఒకే పత్రిక, పలువురు పాఠకులు

కంప్యూటరు పరిభాషలో లైబ్రరీ అంటే పలు ప్రోగ్రాములకు పదే పదే అవసరమయ్యే పనులను ముందే రాసి ఒకచోట కూర్చిన సంపుటి. తెరపై గీత గీయడం, తేదీ లెక్కించడం, అక్షరానికి రూపు కట్టడం వంటివి ఆ పనులు. తొలినాళ్లలో ప్రోగ్రాము తయారయ్యేటప్పుడే తనకు కావలసిన భాగాన్ని లైబ్రరీ నుంచి నకలు తీసి తనలో కలుపుకునేది. పది ప్రోగ్రాములుంటే డిస్కులోనూ మెమరీలోనూ పది నకళ్లు ఉండేవి, లైబ్రరీలో ఒక తప్పు బయటపడితే పదింటినీ తిరిగి తయారుచేయవలసి వచ్చేది. ఈ దుబారాకు విరుగుడుగా వచ్చినదే పంచుకునే లైబ్రరీ, అంటే షేర్డ్ లైబ్రరీ.

గోదావరి జిల్లాల పాఠకులకు ఈ ఊహ కొత్తది కాదు. 1898లో బీజం పడిన రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయం మొదలుకొని పల్లెల్లోని పఠన మందిరాల దాకా నడిచిన సూత్రం ఇదే: పత్రిక ఒక్కటే, చదివేవారు పలువురు, ఎవరి నోటుపుస్తకం వారిది. షేర్డ్ లైబ్రరీలోని ఆదేశాల భాగం మెమరీలో ఒక్క ప్రతిగా ఉంటుంది, ప్రోగ్రాములన్నీ దానినే చదువుతాయి. చదువుతూ వేసుకునే లెక్కలను మాత్రం ఏ ప్రోగ్రాముకు ఆ ప్రోగ్రాము విడిగా దాచుకుంటుంది.

తెలుగుకు ఈ పంపకం ఎందుకు ప్రాణావసరమైందో డెల్టాను అల్లుకున్న రెండు పాయల పేర్లతోనే తేటపడుతుంది. 1991లో తొలి రూపం వెలువడిన యూనికోడ్ పద్ధతిలో ‘గౌతమి’ అన్న పేరు గ, ఔత్వం, త, మ, గుడి అనే 5 సంకేతాల వరుస. ‘వశిష్ఠ’ అన్నది వ, శ, గుడి, ష, పొల్లు, ఠ అనే 6 సంకేతాల వరుస. యంత్రం దాచుకునేది ఈ వరుసనే తప్ప అక్షర రూపాన్ని కాదు. మొదటి పేరులో వత్తు లేదు కనుక గుణింతపు గుర్తులను అక్షరాలకు అతికిస్తే సరిపోతుంది. రెండో పేరులో మాత్రం ష తరువాత పొల్లు రావడం గమనించి, దాని వెంట ఉన్న ఠను వత్తుగా మార్చి, ష కిందికి చేర్చాలి. ఆ తెలివి లేని యంత్రంలో ష మీద పొల్లు నిలిచి, దాని పక్కన నిండు ఠ విడిగా కూర్చుంటుంది. ఈ కూర్పు విద్యను అమర్చిన సంపుటిని షేపింగ్ లైబ్రరీ అంటారు.

లైబ్రరీ డిస్కులో ఉన్నంత మాత్రాన పని జరగదు. ప్రోగ్రాము మొదలైనప్పుడు దానికి కావలసిన లైబ్రరీ ఎక్కడుందో వెతకాలి. దొరికిన ప్రతిని ఆ ప్రోగ్రాముకు కనిపించే మెమరీలో పరచాలి. ప్రోగ్రాము పేరు పెట్టి పిలిచే ప్రతి పనికీ లైబ్రరీలోని అసలు చిరునామాను ముడివేయాలి. వెతకడం, పరచడం, ముడివేయడం అనే ఈ మూడింటినీ కలిపి లోడింగ్ అనీ, చేసేదాన్ని లోడర్ అనీ అంటారు. మరోవైపు ఆపరేటింగ్ సిస్టమ్‌కు నడిబొడ్డున కెర్నెల్ ఉంటుంది. మెమరీ, డిస్కు, ప్రాసెసరు దాని అధీనంలో ఉంటాయి, దానికి ఎదురు చెప్పగల ప్రోగ్రాము ఉండదు, అది కూలితే యంత్రమంతా కూలుతుంది. లోడర్‌ను ఆ నడిబొడ్డున ఉంచాలా, బయట సాధారణ ప్రోగ్రాముల వరుసలో ఉంచాలా అన్నదే అసలు తగువు.

మల్టిక్స్ ప్రాకారాలు

ఈ తగువుకు తొలి రంగస్థలం మల్టిక్స్. 1960ల మధ్యలో ఎంఐటీ, బెల్ ల్యాబ్స్, జనరల్ ఎలక్ట్రిక్ కలిసి చేపట్టిన ఈ ఆపరేటింగ్ సిస్టమ్, విద్యుత్తు సరఫరా వలె కంప్యూటరు శక్తిని కూడా ఊరందరికీ పంచాలన్న ఆశయంతో పుట్టింది. పలువురు ఒకే యంత్రాన్ని వాడుతున్నప్పుడు ఒకరి తప్పు మరొకరిని ముంచకూడదు కనుక, మల్టిక్స్ రూపకర్తలు ఆలయ ప్రాకారాల వంటి వలయాలను ఏర్పాటుచేశారు. అన్నింటికన్నా లోపలి వలయానికి సున్నా సంఖ్య; అక్కడ నడిచే కోడుకు సర్వాధికారాలు. వెలుపలికి వచ్చేకొద్దీ అధికారం తగ్గుతుంది.

మల్టిక్స్‌లో ఒక ప్రోగ్రాము మరో సంపుటిలోని పనిని మొదటిసారి పేరు పెట్టి పిలిచినప్పుడు యంత్రం క్షణకాలం ఆగేది. లింకర్ మేలుకొని ఆ సంపుటిని వెతికి, పేరుకు చిరునామాను ముడివేసి, ప్రోగ్రామును తిరిగి నడిపించేది. రెండోసారి పిలిచినప్పుడు ఆగే పని ఉండేది కాదు. ఎంతో ముందుచూపు గల ఈ ఏర్పాటులో లింకర్‌ను మాత్రం గర్భాలయంలోనే, అంటే సున్నా వలయంలోనే కూర్చోబెట్టారు. అందరికీ అవసరమైన పని అన్నింటికన్నా నమ్మకమైన చోట జరగాలన్న ఆలోచన ఆ రోజులకు సహజమే.

ఆ ఆలోచనలోని లోపాన్ని 1974లో ఫిలిప్ జాన్సన్ అనే విద్యార్థి ఎంఐటీకి సమర్పించిన సిద్ధాంత వ్యాసం విప్పి చూపింది. లింకర్ తన పని చేయాలంటే వాడుకరి తయారుచేసిన ఫైలును చదవాలి. ఆ ఫైలులో పొరపాటునో, పనిగట్టుకునో వంకర లెక్కలు పెట్టి ఉంటే, వాటిని చదివేది సర్వాధికారాలు గల కోడు కనుక దెబ్బ నేరుగా గర్భాలయానికే తగులుతుంది. పైగా ఒక ప్రోగ్రాము తనకు తాను ముడివేసుకునే పనికి ఆ ప్రోగ్రాముకు ఉన్న అధికారమే చాలు, అంతకు మించినది అక్కరలేదు. ఒక పనిని కెర్నెల్‌లో ఉంచడానికి అది అందరికీ అవసరం కావడం కారణం కాజాలదనీ, బయట చేయడం వీలుకాని పనికే లోపల చోటివ్వాలనీ ఆ పరిశోధన తేల్చిన సూత్రం. తరువాతి చరిత్ర అంతా ఈ సూత్రాన్ని మరచినవారు తిరిగి నేర్చుకున్న కథే.

తల తూము, పంట బోదె

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ నుంచి తప్పుకుంది. అక్కడివారే ఆ తరువాత రూపొందించిన యూనిక్స్ సరళతనే వ్రతంగా పట్టి, పంచుకునే లైబ్రరీలనే వదిలేసింది; ప్రతి ప్రోగ్రాము తన నకలు తాను మోసుకునేది. 1980ల నడుమ కిటికీలు, బొమ్మలు గల తెరలు వచ్చి ప్రోగ్రాముల పరిమాణం ఉబ్బిపోయిన తరువాత గాని ఆ లోటు తెలిసిరాలేదు. ఏటీ అండ్ టీ తన యూనిక్స్ రూపమైన సిస్టమ్ ఫైవ్ మూడో విడుదలలో ప్రతి లైబ్రరీకీ మెమరీలో ఒక స్థిరమైన చిరునామాను కేటాయించే పద్ధతి పెట్టింది; లైబ్రరీ పెరిగి కేటాయించిన హద్దు దాటితే పక్కదానితో సరిహద్దు తగాదా తప్పేది కాదు. సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు 1988 నాటి సన్‌ఓఎస్ 4.0లో మరో దారి తొక్కారు. లైబ్రరీని ఏ చిరునామాలో పరచినా పనిచేసేలా తయారుచేసి, ఫైలును మెమరీలో పరచే ఒక్క సదుపాయాన్ని మాత్రం కెర్నెల్‌కు వదిలి, వెతకడాన్నీ ముడివేయడాన్నీ ఒక సాధారణ ప్రోగ్రాముకు అప్పగించారు.

ఈ విభజన డెల్టా రైతుకు సుపరిచితం. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు నీరు విడిచే తల తూములూ, పెద్ద కాలువల మీది లాకులూ ప్రభుత్వ ఇంజనీర్ల అధీనంలో ఉంటాయి. ఎందుకంటే అక్కడి పొరపాటు ఒక చేనుతో ఆగదు. పంట బోదెను ఏ చేలోకి, ఏ పూట తిప్పాలన్న నిర్ణయం కోసం మాత్రం ధవళేశ్వరం దాకా వెళ్లనక్కరలేదు. రాష్ట్ర ప్రభుత్వం 1997లో తెచ్చిన చట్టం నీటి సంఘాలకు అప్పగించినదీ ఆ దిగువ స్థాయి బాధ్యతనే. సన్ ఇంజనీర్ల ఏర్పాటులో కెర్నెల్ తల తూము, లోడర్ పంట బోదె. తరువాత వచ్చిన ఎల్ఫ్ అనే ఫైలు పద్ధతి దీనినే స్థిరపరచింది: ప్రోగ్రాము ఫైలులో తనకు కావలసిన లోడర్ పేరు రాసి ఉంటుంది, కెర్నెల్ ఆ లోడర్‌ను మెమరీలో పరచి పగ్గాలు దానికి ఇచ్చి తప్పుకుంటుంది.

ఈ ఒప్పందాన్ని అందరూ ఒకేసారి అంగీకరించలేదు. ఐబీఎం వారి ఏఐఎక్స్ లోడర్‌ను కెర్నెల్‌లోనే ఉంచుకుంది. 1991లో పుట్టిన లినక్స్ కూడా తొలినాళ్లలో లైబ్రరీని పరచడానికి ‘యూజ్‌లిబ్’ అనే ప్రత్యేకమైన కెర్నెల్ పిలుపును పెట్టుకొని, ఏ లైబ్రరీకి ఏ చిరునామా అన్న పట్టికను చేతితో రాసుకునే పాత బాట పట్టింది. 1995 ప్రాంతంలో ఎల్ఫ్‌కు మారిన తరువాత ఆ పిలుపుతో పని తీరిపోయింది, కాని పాత ప్రోగ్రాముల మీది మొగమాటం కొద్దీ దానిని తీసివేయలేదు. ఆ మొగమాటానికి మూల్యం 2005 జనవరిలో బయటపడింది: యూజ్‌లిబ్‌లోని ఒక లోపాన్ని ఆసరా చేసుకొని యంత్రంలోని మామూలు వాడుకరి సర్వాధికారి కాగలడని భద్రతా పరిశోధకులు నిరూపించారు. జాన్సన్ మూడు దశాబ్దాల ముందు చేసిన హెచ్చరిక అక్షరాలా ఫలించింది; ఎవరూ వాడని పాడు లాకు గుండా వరద ఊళ్లోకి వచ్చినట్లయింది.

శివారు భూములకు నీరు

విండోస్ కథ ఇందుకు భిన్నమైన మలుపులు తిరిగింది. 1985 నాటి తొలి విండోస్ నుంచే డీఎల్ఎల్ పేరుతో పంచుకునే లైబ్రరీలు ఉన్నాయి; అయితే ఆ పాత రూపాల్లో ప్రోగ్రాముల మధ్య గోడలు లేవు, లైబ్రరీ రాసుకునే లెక్కలు సైతం అందరికీ ఉమ్మడిగా ఉండేవి. పఠన మందిరంలో పత్రికతోపాటు నోటుపుస్తకం కూడా ఒక్కటే అయితే ఎలా ఉంటుందో అలా ఉండేది. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ గోడలు కట్టింది, లోడర్‌ను ‘ఎన్‌టీడీఎల్ఎల్’ అనే లైబ్రరీలో పెట్టి కెర్నెల్ వెలుపల నిలిపింది. సన్, మైక్రోసాఫ్ట్ వ్యాపారంలో బద్ధశత్రువులైనా ఈ ఒక్క విషయంలో ఒకే తీర్పుకు వచ్చాయి.

తెలుగు ఆ ఏర్పాటులోకి 2001లో విండోస్ ఎక్స్‌పీతో అడుగుపెట్టింది. ముంబయికి చెందిన లిపి రూపశిల్పి రఘునాథ్ కె. జోషి నేతృత్వంలో రూపొందిన తెలుగు ఫాంటు గోదావరి తూర్పు పాయ పేరైన ‘గౌతమి’తోనే అందులో చేరింది. అక్షరాలను కూర్చే విద్య ‘యూనిస్క్రైబ్’ అనే షేపింగ్ లైబ్రరీది. డిస్కులో దాని ఫైలు పేరు యూఎస్‌పీ10.డీఎల్ఎల్. వీటితో ఇకపై ఏ ప్రోగ్రామూ తెలుగును విడిగా నేర్చుకోనక్కరలేదని కాగితం మీద తేలిపోయింది.

నేల మీద జరిగినది వేరు. నీరు కాలువ మొదట ఉన్న చేలకు పుష్కలంగా అంది, శివారు భూములకు చేరేసరికి సన్నగిల్లుతుందన్నది ఆయకట్టులో అందరికీ తెలిసిన బాధ. సాఫ్ట్‌వేరు పంపకంలో తెలుగు శివారు భూమి. ఎక్స్‌పీలో తెలుగు కూర్పు సిద్ధంగా ఉన్నా అది మామూలుగా పనిచేసేది కాదు. కంట్రోల్ ప్యానెల్‌లో ప్రాంతీయ, భాషా ఎంపికలు తెరిచి, సంక్లిష్ట లిపులకూ కుడి నుంచి ఎడమకు రాసే భాషలకూ కావలసిన ఫైళ్లను ఎక్కించమనే గడిలో టిక్కు పెట్టాలి. అప్పుడు యంత్రం ఎక్స్‌పీ సీడీని అడుగుతుంది, ఆ తరువాత యంత్రాన్ని ఆపి తిరిగి నడపాలి. అద్దె గంటల మీద నడిచే నెట్ సెంటర్లలో ఆ సీడీ ఎదురుగా ఉండే సందర్భాలు అరుదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను, ఆ వెనుక వెల్లువెత్తిన తెలుగు బ్లాగులను తెరిచినవారికి చాలా చోట్ల అక్షరాలకు బదులు డబ్బాలు కనిపించేవి. ‘డబ్బాలు కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?’ అన్నది ఆ తరం తెలుగు నెటిజనులు అన్నింటికన్నా ఎక్కువసార్లు అడిగిన, జవాబు చెప్పిన ప్రశ్న.

ఏ కాలువ నీరు?

డబ్బాలు పోయి అక్షరాలు వచ్చిన తరువాత మరో చిక్కు తలెత్తింది, లోడర్ చరిత్రకు అసలు పాఠం దానిలోనే ఉంది. మైక్రోసాఫ్ట్ యూనిస్క్రైబ్‌ను మెరుగుపరచిన కొద్దీ కొత్త ప్రతులను ఒక్క విండోస్‌తోనే కాక ఆఫీస్ ప్యాకేజీతోనూ పంపింది. ఆఫీస్ 2003 తన కొత్త ప్రతిని తన సొంత ఫోల్డరులో ఉంచుకుంది. ఆ విధంగా ఒకే యంత్రంలో ఒకే పేరుతో రెండు లైబ్రరీలు చేరాయి, వర్డ్‌లో సరిగా కూర్చున్న భారతీయ భాషా పదం నోట్‌ప్యాడ్‌లో విరిగి కనిపించే వింత స్థితి వచ్చింది.

దీనికి వాడుకరులు కనిపెట్టిన చిట్కాలు రెండు. కొత్త యూఎస్‌పీ10 ఫైలును సిస్టమ్ ఫోల్డరులోని పాత ప్రతి స్థానంలో పెట్టడం మొదటిది. అయితే విండోస్‌లోని ఫైలు రక్షణ ఏర్పాటు మార్పును పసిగట్టి, తన దగ్గర దాచిన పాత ప్రతిని నిమిషంలో తిరిగి తెచ్చిపెట్టేది. ఆ ఫైలును సిస్టమ్ ఫోల్డరు జోలికి పోకుండా, కావలసిన ప్రోగ్రాము ఉన్న ఫోల్డరులోనే నకలు చేయడం రెండోది. లోడర్ ముందుగా ప్రోగ్రాము సొంత ఫోల్డరును వెతికి, అక్కడ లేకపోతేనే సిస్టమ్ ఫోల్డరుకు వెళ్లేది కనుక రెండో చిట్కా పారేది. ఎవరి అనుమతీ అక్కరలేకుండా రైతు తన గట్టుకు తానే గండి పెట్టుకొని బోదె తిప్పుకున్నట్లు భాషాభిమానులు తమ యంత్రాలను తామే చక్కదిద్దుకున్నారు.

అదే గండి గుండా పాములూ వచ్చాయి. యూఎస్‌పీ10, దాని తోటిదైన ఎల్‌పీకే అనే పేర్లతో దొంగ లైబ్రరీలను ఫోల్డరు ఫోల్డరుకూ జారవిడిచే వైరసులు పుట్టాయి. వాటిని ఆహ్వానించింది లోడర్ వెతికే వరుసే. విండోస్ తరువాతి రూపాలు ఈ రెండు పేర్లను ‘నోన్ డీఎల్ఎల్స్’ అనే జాబితాలో చేర్చాయి. ఆ జాబితాలో ఉన్న లైబ్రరీని ప్రోగ్రాము ఫోల్డరులో ఏ ప్రతి ఉన్నా సిస్టమ్ ఫోల్డరు నుంచే తెస్తారు.

లోడర్ కెర్నెల్ లోపల ఉండాలా, వెలుపల ఉండాలా అన్న తగువు 1993 నాటికే తీరిపోయిందనుకుంటే, తెలుగు వాడుకరి పడిన పాట్లకు కారణం ఏమిటన్న ప్రశ్న ఇక్కడ నిలుస్తుంది. కారణం లోడర్ ఉన్న చోటు కాదు, అది వెతికే వరుస. లాకు ఏ చోట కట్టాలన్నది ఒక నిర్ణయం, ఎవరి వంతు ముందన్నది మరో నిర్ణయం. ఇంజనీర్లు మొదటిదాన్ని శ్రద్ధగా తేల్చి, రెండోదాన్ని ఏళ్ల తరబడి అలవాటుకు వదిలేశారు.

లినక్స్ వైపు పరిస్థితి మరో విధంగా వికటించింది. అక్కడ గ్నోమ్ ప్రోగ్రాములకు పాంగో, కేడీఈ ప్రోగ్రాములకు క్యూటీ, ఓపెన్ఆఫీస్‌కు ఐసీయూ అనే మూడు వేర్వేరు కూర్పు విద్యలు ఉండేవి. ఒక తప్పును ఒకచోట సరిదిద్దితే మిగిలిన రెండు చోట్లా అది అలాగే ఉండేది. బెహదాద్ ఎస్ఫహబోద్ నాయకత్వంలో రూపుదిద్దుకున్న హార్ఫ్‌బజ్ ఈ మూడింటి స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. 2012 ప్రాంతంలో దాని భారతీయ లిపుల భాగాన్ని పరీక్షించినప్పుడు వికీపీడియా నుంచి తీసిన 9 లక్షలకు పైగా తెలుగు పదరూపాలను దానిచేత కూర్పించి, యూనిస్క్రైబ్ కూర్పుతో ఒక్కొక్కటిగా పోల్చారు. డబ్బాల కాలంలో ఔత్సాహికులు పోగుచేసిన తెలుగు పాఠమే చివరకు యంత్రానికి తెలుగు వచ్చిందా లేదా అని తేల్చే గీటురాయి అయింది.

ఎదురు ప్రయోగం

వెలుపలే మేలన్న తీర్పును పరీక్షించడానికి చరిత్ర ఒక ఎదురు ప్రయోగాన్ని కూడా నడిపింది. 1996 నాటి విండోస్ ఎన్‌టీ 4.0లో వేగం కోసమని మైక్రోసాఫ్ట్ బొమ్మలు గీసే యంత్రాంగాన్ని, దానితోపాటు ఫాంటు ఫైళ్లను చదివే కోడును వెలుపలి నుంచి కెర్నెల్‌లోకి తరలించింది. ఫాంటు అంటే ఎవరైనా తయారుచేయగల, ఎక్కడి నుంచైనా దిగగల ఫైలు. దానిని సర్వాధికారాలతో చదవడమంటే జాన్సన్ హెచ్చరించిన తప్పును తెలిసి చేయడమే. 2011లో బయటపడిన డుక్యు అనే గూఢచారి ప్రోగ్రాము వర్డ్ పత్రంలో దాచిన ఒక ఫాంటు ద్వారానే విండోస్ కెర్నెల్‌లోకి చొరబడింది. చివరకు విండోస్ 10లో ఫాంటు చదివే పనిని కెర్నెల్ నుంచి బయటికి తెచ్చి, అధికారాలు కత్తిరించిన ఒక విడి ప్రోగ్రాముకు అప్పగించారు. లోపలికి వెళ్లిన పని వెలుపలికి రావడానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది.

‘జ్ఞా’ నేర్పిన పాఠం

వెలుపల ఉన్నంత మాత్రాన ఉమ్మడి లైబ్రరీ నిరపాయకరం కాదని లోకానికి చాటిన అక్షరం తెలుగు అక్షరమే కావడం ఈ చరిత్రలో ఒక విచిత్రం. 2018 ఫిబ్రవరి మధ్యలో ఐఓఎస్ 11.2.5 నడుస్తున్న ఐఫోన్లు ‘జ్ఞా’ రూపంలోని ఒక సంకేతాల వరుస కనిపించగానే కుప్పకూలుతున్నాయన్న వార్త ఖండాలు దాటింది. మామూలు ‘జ్ఞానం’ అన్న పదం వల్ల ఏ ప్రమాదమూ లేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే వరుసలో దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఒక గుర్తు దూరినప్పుడే చిక్కు వచ్చింది. ఆ గుర్తు పనికిరానిదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు ట కింద వ వత్తుగా చేరకుండా ఆపేది అదే. రావలసిన చోట కాక అది మరో చోట వచ్చినప్పుడు ఆపిల్ వారి కోర్‌టెక్స్ట్ అనే కూర్పు లైబ్రరీ దారి తప్పేది. దేవనాగరి, బెంగాలీ లిపుల్లోని అటువంటి కొన్ని వరుసలకూ అదే గతి పట్టిందని ఆ తరువాత తేలింది.

లైబ్రరీ ఉమ్మడిది కనుక దెబ్బ కూడా ఉమ్మడిదే అయింది. సందేశాల యాప్ ఆ అక్షరాన్ని చూపబోతే అది కూలింది, వాట్సాప్ చూపబోతే అది కూలింది, నోటిఫికేషన్ రూపంలో వస్తే హోమ్ తెరను నడిపే స్ప్రింగ్‌బోర్డ్ ప్రోగ్రామే కూలింది. మ్యాక్ కంప్యూటర్లు, ఆపిల్ గడియారాలు సైతం తప్పించుకోలేదు. అయినా కూలినవన్నీ ప్రోగ్రాములే, కెర్నెల్ కాదు. ఆపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6ను విడుదల చేసి ఒక్క లైబ్రరీని సరిదిద్దగానే వందల యాప్‌లు, తమను ఎవరూ తాకకుండానే, తిరిగి నిలబడ్డాయి. ప్రతి యాప్ తన తెలుగును తానే మోసుకు తిరిగే కాలమైతే ఆ దెబ్బ అంత విస్తారంగా తగిలేది కాదు, అంత త్వరగా మానేదీ కాదు.

ఈ అర్ధశతాబ్దపు అనుభవాన్ని కూడితే తీర్పు స్పష్టం. మూడు పనుల్లో పరచడం ఒక్కటే కెర్నెల్‌ది, ఎందుకంటే మెమరీ గోడలు దాని అధీనంలో ఉన్నాయి. ముడివేయడం ప్రోగ్రాము తన హద్దులో తాను చేసుకోవలసినది. వెతకడం కూడా వెలుపలి పనే అయినా, దాని వరుసను మాత్రం ఎవరికి వారు తిప్పుకునే బోదెగా వదలకుండా, శివారు చేనుకు కూడా మంచి నీరే చేరే వంతుగా ముందే రాసిపెట్టాలి. లోడర్‌ను గర్భాలయం నుంచి బయటికి తేవడం వల్ల యంత్రానికి భద్రత వచ్చింది. తెలుగుకు న్యాయం మాత్రం ఆ వరుసను సరిచేసిన తరువాతే వచ్చింది.

ఈ వంతుల కోసం ఎదురుచూడడం మానేసిన ఒక జాతి ప్రోగ్రాముల కథ వచ్చే భాగంలో వస్తుంది. బ్రౌజర్లు హార్ఫ్‌బజ్ వంటి లైబ్రరీలను తమ కడుపులోనే పెట్టుకొని, సిస్టమ్‌లో ఏ ప్రతి ఉన్నదన్న చింత లేకుండా తిరగడం మొదలుపెట్టాయి. ఉమ్మడి పఠన మందిరం వెలిసిన పాతికేళ్లకే ఎవరి పత్రిక వారు కొనుక్కునే రోజులు తిరిగి వచ్చాయి. డబ్బాలు చూపిన తొలి ఫోన్ల నుంచి అరచేతిలో తెలుగు నిలదొక్కుకున్న దాకా సాగిన ఆ ప్రయాణంలో దుబారా ఎవరికి లాభించిందన్నది పదో భాగం చర్చిస్తుంది. ఈలోగా పాఠకులు తమ ఫోనులో ‘వశిష్ఠ’ అని ఒకసారి రాసి చూడవచ్చు. ఠ వత్తు ష కిందికి చేరిందంటే, ఆ క్షణంలో ఒక లోడర్ వెతకడం, పరచడం, ముడివేయడం ఎప్పుడో ముగించుకొని పక్కకు తప్పుకున్నట్లే.